వానాకాలంలో చారిటీ సైకిల్ రైడ్‌కు ఎలా సిద్ధం కావాలి: హైదరాబాద్ నుంచి అనంతగిరి దాకా

ఒక ఊరి బడికి మరుగుదొడ్లు కట్టించాలనో, ఒక ఆసుపత్రిలో పేద పిల్లల మందులకు డబ్బు సమకూర్చాలనో సంకల్పించి సైకిల్ మీద దూరప్రయాణానికి బయలుదేరే బృందాలు మన దగ్గర తరచుగా జులై, ఆగస్టు నెలలనే ఎంచుకుంటాయి. ఎండ బాధ ఉండదు, దారి పచ్చగా ఉంటుంది. అయితే తెలంగాణలో నైరుతి రుతుపవనాల వాన జోరుగా కురిసేది కూడా ఆ రెండు నెలల్లోనే. నేను నాలుగు వానాకాలాలు ఇలాంటి రైడ్లలో పాల్గొన్నాను. నగరం నడిబొడ్డు నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల దాకా ఒక వైపు సుమారు 75 నుంచి 80 కిలోమీటర్ల ఆ దారినే ఉదాహరణగా తీసుకుని, మొదటిసారి వెళ్లేవారు ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

దాతలకు మాట ఇచ్చే ముందు

సైకిల్ సంగతి కంటే ముందు డబ్బు సంగతి తేల్చుకోవాలి. చాలామంది దాతల దగ్గరికి వెళ్లి, "కిలోమీటరుకు పది రూపాయలు ఇవ్వండి, ఎంత దూరం తొక్కితే అంత" అని అడుగుతారు. వినడానికి అందంగా ఉండే ఆ మాట వానాకాలంలో మెడకు చుట్టుకుంటుంది. కల్వర్టు మీద నుంచి నీరు పారుతున్న చోట నిలబడినప్పుడు, మిగిలిన ఇరవై కిలోమీటర్లు తొక్కకపోతే బడికి ఎంత డబ్బు తగ్గుతుందోనన్న లెక్క మనసులో మొదలవుతుంది. ఆ లెక్క మీద తీసుకున్న నిర్ణయం ఏదీ మంచి నిర్ణయం కాదు. అందువల్ల విరాళాన్ని దూరంతో ముడిపెట్టకండి. "ఫలానా రోజున బయలుదేరుతున్నాము, వాతావరణం అనుకూలిస్తే అనంతగిరి చేరతాము, మధ్యలో ఆపవలసి వచ్చినా మీరు ఇచ్చేది పూర్తిగా బడికి చేరుతుంది" అని ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. రెండేళ్ల క్రితం మా బృందం దారి మధ్యలోని మన్నెగూడ దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. ఆ సాయంత్రం ఒక్కొక్క దాతకూ ఫోన్ చేసి జరిగింది చెప్పాము. ఒక్కరు కూడా తాము ఇస్తామన్న మొత్తాన్ని తగ్గించలేదు, పైగా ఒక పెద్దాయన, "క్షేమంగా ఇంటికి చేరారు కదా నాయనా, అదే చాలు" అని ఇంకొక వెయ్యి రూపాయలు కలిపి పంపారు.

డబ్బును మీ సొంత ఖాతాలోకి తీసుకోవద్దు. సాయం అందుకునే సంస్థ ఖాతా వివరాలనే దాతలకు ఇచ్చి, రసీదులు నేరుగా సంస్థ నుంచే వెళ్లేలా చూడండి. అందరూ 80జి అని పిలిచే పన్ను మినహాయింపు కావాలని అడిగే దాతలు ఉంటారు. ఆ గుర్తింపు సంస్థకు ఉందో లేదో ముందే కనుక్కోవాలి, దాతల పాన్ నంబర్లు సంస్థకు అందాలి. 2000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి మినహాయింపు వర్తించదనీ, పాత పన్ను విధానంలో కొనసాగుతున్నవారికే ఈ ప్రయోజనం ఉంటుందనీ స్పష్టంగా చెప్పండి.

మన ఇళ్లలో అమెరికాలోనో లండన్‌లోనో ఉండే అన్నయ్యలు, మేనమామలు తప్పకుండా "నేనూ పంపిస్తాను" అంటారు. ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం నిలుపుకున్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బును విదేశీ విరాళంగా పరిగణించరు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, మన తోబుట్టువులే అయినా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉన్న సంస్థకు మాత్రమే, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఆ సంస్థకు ఉన్న ప్రత్యేక ఖాతాకు మాత్రమే పంపాలి. చిన్న ఊరి స్వచ్ఛంద సంస్థలకు చాలా వరకు ఈ నమోదు ఉండదు. తెలియక పంపిన డబ్బు వల్ల సంస్థే ఇబ్బందుల్లో పడుతుంది.

శరీరాన్ని, అలవాటును సిద్ధం చేసుకోవడం

రోజూ సైకిల్ తొక్కే అలవాటు కొద్దిగానైనా ఉన్నవారికి ఆరు నుంచి ఎనిమిది వారాల సాధన సరిపోతుంది. మొదటి ఆదివారం 25 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి ఏడెనిమిది కిలోమీటర్ల చొప్పున పెంచుకుంటూ 65 దాకా వెళ్లండి. అంతకు మించి సాధనలో తొక్కవలసిన అవసరం లేదు, మిగిలిన దూరాన్ని ఆ రోజు బృందంలోని ఉత్సాహమే లాక్కుపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ సాధనకు మంచి చోటు. అయితే దాని మీద సోలార్ పలకల కప్పు ఉంది కాబట్టి అక్కడ దూరం అలవాటవుతుంది కానీ వాన అలవాటు కాదు. వాన పడే రోజున కనీసం రెండుసార్లు, మీకు బాగా తెలిసిన, రద్దీ లేని దారిలో కావాలనే బయటికి వెళ్లి తొక్కండి. తడిసిన బ్రేకు ఎంత ఆలస్యంగా పట్టుకుంటుందో, కళ్లద్దాల మీద చినుకులు పడితే ఎంత మసకగా కనిపిస్తుందో, నానిన చేతులతో గేరు మార్చడం ఎలా ఉంటుందో వందమంది మధ్య తొక్కుతున్నప్పుడు మొదటిసారి తెలుసుకోవడం ప్రమాదకరం.

సైకిల్‌ను వానకు సిద్ధం చేయడం

రైడ్‌కు వారం ముందు సైకిల్‌ను మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లి, "వానలో వంద కిలోమీటర్లు వెళ్తున్నాను" అని చెప్పి చూపించండి. ముందు రోజు సాయంత్రం తీసుకువెళ్తే, ఏదైనా భాగం మార్చవలసి వచ్చినప్పుడు సమయం మిగలదు.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. రిమ్మును పట్టుకునే బ్రేకులు ఉన్న సైకిల్ అయితే బ్రేకు రబ్బర్లను ఒక్కసారి విప్పి చూడండి. రబ్బరు మీద సన్నని ఇసుక రేణువులు, వెండిలా మెరిసే అల్యూమినియం తునకలు గుచ్చుకుని ఉంటాయి. గుండుసూదితో వాటిని ఒక్కొక్కటే తీసి, గరుకు కాగితంతో రబ్బరును తేలికగా రుద్దండి. ఆ తునకలు అలాగే ఉంటే వాన నీటిలో రిమ్మును ఉలితో చెక్కినట్టు చెక్కేస్తాయి. రబ్బరు మీద గాళ్లు సగానికి పైగా అరిగిపోతే కొత్తవి వేయించుకోండి. డిస్క్ బ్రేకులు వానలో నమ్మకంగా పనిచేస్తాయి, అయినా ప్యాడ్ల మందం చూసుకోవాలి, ఎందుకంటే బురద వాటిని ఎండలో కంటే చాలా వేగంగా అరగదీస్తుంది.

టైర్ల విషయంలో, అరిగి నున్నబడిన టైరుతో వానలోకి వెళ్లకండి. గాలి మామూలు కంటే కొద్దిగా తగ్గించండి. రోజూ 80 పీఎస్‌ఐ ఒత్తిడికి గాలి కొట్టే, 28 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరుకు వాన రోజున 70 చాలు. టైరు రోడ్డును ఇంకొంచెం ఎక్కువగా అంటిపెట్టుకుంటుంది. చైనును కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక, వానకు పనికివచ్చే చిక్కటి చైను నూనెను ఒక్కొక్క కడియానికి ఒక్కొక్క చుక్క చొప్పున వేసి, పైపైన ఉన్న నూనెను గుడ్డతో తుడిచేయండి. పలచని నూనె గంట వానకే కొట్టుకుపోయి చైను కీచుమంటుంది.

మడ్‌గార్డులు సైకిల్ అందాన్ని చెడగొడతాయని కొందరు తీసేస్తారు. వానాకాలపు బృంద ప్రయాణంలో మడ్‌గార్డు పెట్టుకోవడం మీ వెనుక వచ్చేవారికి మీరు చేసే మర్యాద. అది లేకపోతే మీ వెనుక చక్రం చిమ్మే బురద నీరంతా వారి ముఖం మీదే పడుతుంది. వెనుక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు పగటి పూట కూడా వెలుగుతూ ఉండాలి.

దుస్తులు, సంచి

జీన్సు, నూలు బనియన్లు వద్దు. అవి నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, ఒళ్లు ఒరుసుకుపోతుంది. త్వరగా ఆరే చొక్కా, లోపల మెత్త ఉన్న సైకిల్ నిక్కరు వేసుకుని, తొడల లోపలి వైపు, చంకల దగ్గర కొబ్బరి నూనె గానీ వ్యాజిలైన్ గానీ దట్టంగా రాసుకోండి. వదులుగా వేలాడే ప్లాస్టిక్ రెయిన్ కోటు, పోంచో ఎంతమాత్రం పనికిరావు. గాలికి ఎగిరి వాటి అంచు చక్రంలో చిక్కుకుంటే మనిషి బోర్లా పడతాడు. ఒంటికి అతుక్కుని ఉండే, మెరిసే పట్టీలు కుట్టిన పసుపు లేదా నారింజ రంగు జాకెట్ తీసుకోండి. మన వాతావరణంలో వానలో తొక్కుతున్నంతసేపు చలి వేయదు, ఆగినప్పుడే వేస్తుంది. కాబట్టి జాకెట్ అసలు ప్రయోజనం ఆగినప్పుడూ, గుట్ట దిగేటప్పుడూ తెలుస్తుంది. హెల్మెట్ కింద ముందు అంచు ఉన్న పలచని టోపీ పెట్టుకుంటే చినుకులు నేరుగా కళ్లలో పడవు.

సంచిలో రెండు కొత్త ట్యూబులు, టైరు విప్పే లివర్లు, చిన్న పంపు, గుడ్డ ముక్క ఉండాలి. తడి ట్యూబుకు సొల్యూషన్ అంటుకోదు కాబట్టి వానలో ప్యాచ్ వేయడం మీద ఆధారపడకండి. ఎండిన గాజు పెంకు టైరు మీద నుంచి జారిపోవచ్చు, అదే తడిసిన పెంకు రబ్బరులోకి సులువుగా దిగుతుంది. అందుకే వానలో పంక్చర్లు ఎక్కువ. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలి వైపంతా గుడ్డతో నిదానంగా తడిమి, పెంకును వెతికి తీయాలి. తొందరలో ఇది మరచిపోయి, ఐదు నిమిషాల్లో రెండో ట్యూబు కూడా పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

ఫోన్‌ను జిప్ కవర్‌లో పెట్టండి. తడి వేళ్లతో ఫోన్ తెర పనిచేయదు కాబట్టి ఇంటివాళ్ల నంబరు, మీ రక్తం గ్రూపు, వాడుతున్న మందులు ఒక కాగితం మీద రాసి, అదే కవర్‌లో బయటికి కనిపించేలా ఉంచండి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని చాలా కాలమైతే రైడ్‌కు ముందే డాక్టరును అడిగి వేయించుకోవడం మంచిది.

ముందు రోజు సాయంత్రం

వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే హెచ్చరికను చూడండి. మీరు బయలుదేరే హైదరాబాద్‌తో పాటు రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల రంగు కూడా చూడాలి. ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 మిల్లీమీటర్ల నుంచి అతి భారీ వర్షం అని లెక్క. పసుపు హెచ్చరిక ఉంటే జాగ్రత్తలతో వెళ్లవచ్చు. నారింజ రంగు ఉంటే వాయిదా వేయడమే నా సలహా, ఎరుపు ఉంటే చర్చకే తావు లేదు. నిర్వాహకులు వాయిదా తేదీని మొదటే ప్రకటించి ఉంచితే ఈ నిర్ణయం ఎవరికీ బరువుగా అనిపించదు. పిడుగుల సమాచారానికి దామిని అనే ప్రభుత్వ యాప్‌ను ఫోన్‌లో ఉంచుకోండి.

దారి మీద

తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరితే రద్దీ పెరగకముందే నగరం దాటవచ్చు. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు బీజాపూర్ రహదారి మీద వెళ్లి, అక్కడి నుంచి వికారాబాద్ వైపు తిరగాలి. ఈ రహదారి మీద కంకర టిప్పర్లు, బస్సులు విరివిగా తిరుగుతాయి. 2025 నవంబరులో చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ దగ్గర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని ఎందరో ప్రాణాలు కోల్పోయారు. పోలీసులకు ముందుగా తెలియజేయకుండా, ముందొక వాహనం, వెనుకొక వాహనం లేకుండా ఈ దారిలో బృందాన్ని నడపడం నేను ఒప్పుకోను. మీరు చేరబోయే రైడ్‌లో ఈ ఏర్పాట్లు ఉన్నాయో లేదో నిర్వాహకులను నిర్మొహమాటంగా అడగండి, లేకపోతే చేరకండి.

చాలాసేపటి తర్వాత వాన మొదలైన తొలి పావుగంట, అరగంట అన్నిటికంటే ప్రమాదకరం. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలిసి సబ్బు నురగలా మారతాయి. ఆ సమయంలో వేగం బాగా తగ్గించండి. వాన నిలకడగా కురిసి రోడ్డును కడిగేశాక కొంత నయం. తెల్లగీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల ఇనుప కీళ్లు, రాలిన తడి ఆకులు ఎప్పుడూ జారేవే. వాటి మీద బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, నిటారుగా దాటిపోవాలి. రైలు పట్టాలను అడ్డంగా, తొంభై డిగ్రీల కోణంలో దాటాలి. గుంటలో నిలిచిన నీటి లోతు పైకి కనిపించదు కాబట్టి, వెనుక వాహనం లేదని చూసుకుని పక్క నుంచి వెళ్లండి.

రిమ్ము మీద నీటి పొర ఉన్నంతసేపు బ్రేకు రబ్బరు పట్టదు. చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగి, ఆ నీరు తుడుచుకుపోయాకే పట్టు మొదలవుతుంది. ఆ లోపు సైకిల్ చాలా దూరం వెళ్లిపోతుంది. అందువల్ల మలుపు రాకముందే, దిగుడు మొదలు కాకముందే రెండు బ్రేకులనూ తేలికగా తాకిస్తూ రిమ్మును ఆరబెట్టుకోండి. ముందున్న సైకిల్‌కు ఎండలో పాటించే దూరానికి రెట్టింపు దూరం ఉంచండి. అనంతగిరి చేరాక తిరిగి దిగేటప్పుడు ఈ రెండు మాటలూ ప్రాణం కాపాడేవే.

వానలో దాహం వేయదు, అయినా చెమట పోతూనే ఉంటుంది. పావుగంటకు ఒకసారి రెండు గుక్కలు తాగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ పొట్లాన్ని, పొట్లం మీద రాసినంత నీటిలోనే కలుపుకోవాలి. తీపి పానీయాలను ఆ పేరుతో అమ్మకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది, కాబట్టి డబ్బా మీద ఉన్న సూత్రాన్ని చదివి కొనండి. బయలుదేరే ముందు నాలుగు ఇడ్లీలు, దారిలో గంటకొక అరటిపండు గానీ పల్లీ పట్టి గానీ తింటే శక్తి తగ్గదు. వికారాబాద్ దారిలో వానలో బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ నిమ్మకాయా రుద్ది ఇచ్చే మక్క కంకుల వాసనకు మా బృందం ప్రతి ఏడాదీ ఆగిపోతుంది. ఆగండి, తినండి, కానీ పది నిమిషాలకు మించి కూర్చోకండి. ఒళ్లు చల్లబడితే కండరాలు బిగుసుకుపోతాయి.

ఆపవలసిన సందర్భాలు

రోడ్డు మీద నుంచి నీరు అడ్డంగా పారుతుంటే ఎంత తక్కువగా కనిపించినా దిగకండి. జానెడు లోతు కూడా లేని ప్రవాహం మనిషి కాళ్లను లాగేయగలదు, చక్రాలున్న సైకిల్‌కు అంత కూడా అక్కరలేదు. కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన మూసీ పుట్టింది ఈ అనంతగిరి గుట్టల్లోనే. మా బృందం ఆగిపోయిన ఏడాది, మన్నెగూడ దాటాక ఒక కల్వర్టు మీద చీలమండ లోతు నీరు పారుతోంది. "ఇంతేనా, దాటేద్దాం" అన్నవారు మాలో ఉన్నారు. అక్కడే మేకలు కాస్తున్న ఒక అవ్వ, "బిడ్డా, పొద్దున నా మేక పోయింది ఇందులనే, మీరు పోకుండ్రి" అంది. మేము అరగంట నిలబడి చూస్తుండగానే ఆ నీరు మోకాలి లోతుకు పెరిగింది. వెనక్కి తిరిగాము.

ఇక పిడుగులు. చేవెళ్ల పరిసరాల్లో రోడ్డుకు ఇరువైపులా ఉన్న పెద్ద మర్రి చెట్లు ఈ దారికి ప్రాణం లాంటివి. వాటి నీడ కోసమే ఈ దారిని ప్రేమించేవారు ఎందరో ఉన్నారు, వారిలో నేనూ ఒకడిని. కానీ ఉరుములు వినిపిస్తున్నప్పుడు వాటి కింద తలదాచుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే లోపు అంకెలు లెక్కపెట్టండి. ముప్పై సెకన్ల లోపే వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉందని అర్థం. వెంటనే సైకిల్‌ను వదిలి, పక్కా భవనంలోకి గానీ తలుపులు మూసిన బస్సు, కారులోకి గానీ చేరండి. రేకుల షెడ్డు, మూడు వైపులా తెరిచి ఉన్న బస్సు షెల్టరు చాలవు. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి బయలుదేరండి. వెంట వచ్చే వాహనంలో అందరికీ చోటు ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఒళ్లు ఆగకుండా వణుకుతున్నా, మాట తడబడుతున్నా, బ్రేకు నొక్కడానికి వేళ్లు సహకరించకపోయినా ఆ మనిషిని వెంటనే వాహనంలో ఎక్కించి, తడి బట్టలు మార్పించి, వేడి టీ ఇవ్వాలి. "నేను బాగానే ఉన్నాను" అని వారు చెప్పినా వినకండి.

తిరిగి వచ్చాక

ముందు స్నానం చేయండి. కాళ్ల మీద గీరుకుపోయిన చోట్లను సబ్బుతో బాగా కడగండి. వీధి నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటే పుండ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం సోకుతుంది. తర్వాతి మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకు వానలో తిరిగిన సంగతి తప్పక చెప్పండి. బూట్లలో పాత వార్తాపత్రికల కాగితాలు కుక్కి, రెండు గంటలకొకసారి మారుస్తూ ఉంటే తెల్లారేసరికి ఆరిపోతాయి.

సైకిల్‌ను అదే రోజు కడగాలి. మంచి నీటితో బురద కడిగి, చైను తుడిచి, మళ్లీ నూనె వేసి, సీటు కడ్డీని పూర్తిగా బయటికి తీసి సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టండి. ఫ్రేము లోపలికి చేరిన నీరు కొంత ఆ రంధ్రం నుంచి కారుతుంది. పెడల్ ఇరుసు దగ్గర గరగరమని శబ్దం వస్తే ఆ వారంలోనే మెకానిక్‌తో విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి.

వారం లోపు ప్రతి దాతకూ ఒక సందేశం పంపండి. మొత్తం ఎంత వసూలైంది, సంస్థ ఖాతాకు ఎంత చేరింది, రైడ్ ఏర్పాట్లకు ఎంత ఖర్చయింది, ఆ ఖర్చు ఎవరు భరించారు అన్న నాలుగు అంకెలు అందులో ఉండాలి. ఎక్కడ ఆగిపోయారో కూడా రాయండి. పని పూర్తయిన రోజున మళ్లీ ఒకసారి ఆ బడికి వెళ్లి, కట్టిన గదుల తలుపు తెరిచి, కొళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో స్వయంగా చూసి, ఆ ఫోటోను వాళ్లకు పంపండి.